చూస్తుంటే ఒకలా... చూడకుంటే మరోలా!

ప్రోగ్రాం ఎక్కడ కుప్పకూలిందో తెలియాలంటే అది చెప్పిన ఆఖరి మాట వినాలి. ఆ మాటల్ని తెర మీద నుంచి ఫైల్లోకి మళ్లించామో, ఆఖరివి చాలాసార్లు దారిలోనే మాయమవుతాయి. దొరికిన మాటను నమ్మి, తప్పు లేనిచోట తప్పు వెతికి నిద్ర పాడుచేసుకున్న ఇంజినీర్లు ఎందరో. ఇంతకీ ఆ మాటలు ఎటుపోతున్నట్టు?

అర్ధరాత్రి దాటింది. బ్యాంకు ఖాతాల లెక్కలు సరిచూసే ప్రోగ్రాం ఒకటి నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగిపోయిందనుకోండి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో నైట్‌షిఫ్టులో ఉన్న కుర్రాడికి ఫోనొస్తుంది. అతను మొదట చేసే పని లాగ్‌ ఫైల్‌ తెరవడం. ప్రోగ్రాం నడిచినంతసేపూ తను ఏం చేస్తోందో రాసుకుంటూ పోయే డైరీ లాంటిది అది. అందులో పూర్తిగా ఉన్న చివరి వాక్యం- '300వ ఖాతా పూర్తయింది' అని. దాని కింద ఇంకో వాక్యం సగంలో తెగిపోయి ఉంటుంది. దాన్ని అతను పట్టించుకోడు. 300 పూర్తయిందంటే గొడవ 301 దగ్గరే అయ్యుండాలి కదా! ఆ ఖాతాను అటు తిప్పి ఇటు తిప్పి చూస్తాడు. ఏ లోపమూ ఉండదు. తెల్లారిపోతుంది. నిజానికి ప్రోగ్రాం కుప్పకూలింది 301 దగ్గర కాదు, 390 దగ్గర. మధ్యలో ఖాతాలన్నిటి సంగతీ అది చెప్పింది. చెప్పిన మాట ఫైల్లోకి చేరలేదు, అంతే.

చిత్రమేంటంటే, అదే ప్రోగ్రాంను తన ముందున్న తెర మీద నడిపితే 389 దాకా అన్ని వాక్యాలూ పొల్లుపోకుండా కనిపిస్తాయి. ప్రోగ్రాం మారలేదు. ఖాతాలూ మారలేదు. మారిందల్లా ఒక్కటే... మాటలు మనిషి చూసే తెర మీదికి వస్తున్నాయా, ఎవరూ చూడని ఫైల్లోకి పోతున్నాయా అన్నది!

ఫ్లిట్‌ కొట్టారు... డీడీటీ చల్లారు

ప్రోగ్రాంలోని తప్పును 'బగ్‌' అంటారని ఇప్పుడు బడిపిల్లలకీ తెలుసు. బగ్‌ అంటే పురుగు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలోని హార్వర్డ్‌ విశ్వవిద్యాలయంలో మార్క్‌-2 అనే భారీ కంప్యూటర్‌ మొరాయించింది. విప్పి చూస్తే ఓ రిలేలో ఇరుక్కున్న రెక్కల పురుగు కనిపించింది. దాన్ని తీసి లాగ్‌ పుస్తకంలో టేపుతో అంటించి, అసలు సిసలు పురుగు దొరకడం ఇదే మొదలని రాసుకున్నారు. ఆ పుస్తకం ఇప్పుడు అమెరికాలోని స్మిత్సోనియన్‌ మ్యూజియం వారి దగ్గర భద్రంగా ఉంది. యంత్రాల్లో లోపాన్ని పురుగు అనడం అప్పటికే పాత అలవాటు. థామస్‌ ఎడిసన్‌ 1878లోనే ఆ మాట వాడాడు. హార్వర్డ్‌ వాళ్లు చేసింది ఓ చక్కటి జోకు.

పురుగులున్నచోట మందూ ఉండాలిగా! ఎంఐటీలో టీఎక్స్‌-0 అనే కంప్యూటర్‌ కోసం తప్పులు వెతికిపెట్టే ప్రోగ్రాం ఒకటి రాసి, దానికి 'ఫ్లిట్‌' అని పేరు పెట్టారు. అవును... మన ఇళ్లలో చేతిపంపుతో దోమలకు కొట్టిన ఆ ఫ్లిట్‌ పేరే! తర్వాత 1961లో పీడీపీ-1 అనే కంప్యూటర్‌కి వచ్చిన దాని వారసుడి పేరు ఇంకా ఘాటు... డీడీటీ.

ఇలాంటివాటినే డీబగ్గర్లు అంటారు. క్రికెట్‌లో రనౌట్‌ అప్పీలు వస్తే థర్డ్‌ అంపైర్‌ వీడియోను ఒక్కో ఫ్రేమూ ముందుకు జరుపుతూ, బెయిల్‌ లేచేసరికి బ్యాట్‌ ఎక్కడుందో చూస్తాడు కదా. డీబగ్గర్‌ చేసేదీ అదే. నడుస్తున్న ప్రోగ్రాంను కావలసినచోట ఆపుతుంది, ఒక్కో అడుగూ వేయిస్తుంది, ఆ క్షణంలో దాని కడుపులో ఏ విలువలున్నాయో చూపిస్తుంది. రిచర్డ్‌ స్టాల్‌మన్‌ 1986లో రాసిన 'జీడీబీ' వీటిలో పేరున్నది. లినక్స్‌ మీద పనిచేసేవాళ్లకు ఇప్పటికీ అదే చేతికర్ర. దీన్ని వాడేది మౌస్‌తో కాదు. సినిమాల్లో హ్యాకర్లు టకటకా టైప్‌ చేస్తుంటారే, ఆ నల్లటి కిటికీలో... కమాండ్‌ లైన్లో. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

అందంగా అచ్చయిన తప్పు

1970ల మాట. అమెరికాలోని న్యూజెర్సీలో బెల్‌ ల్యాబ్స్‌. కెన్‌ థాంప్సన్‌, డెన్నిస్‌ రిచీ బృందం యునిక్స్‌కి ప్రాణం పోస్తున్న రోజులు. ప్రోగ్రాం ఇచ్చే జవాబును తెర మీద కాకుండా ఫైల్లోకి పంపాలంటే ఆదేశం చివర '>' గుర్తు పెట్టి ఫైలు పేరు రాస్తే చాలన్నది వాళ్లు అలవాటు చేసిన సదుపాయమే. వంతెన కూలితే రైలును వేరే లైన్లోకి మళ్లించినట్టన్నమాట. రైల్లో కూర్చున్నవాళ్లకు ఆ సంగతి తెలియాల్సిన పనిలేదు. ప్రోగ్రాం తన ధోరణిలో తను మాట్లాడుతూ పోతుంది. ఆ మాటలు ఎక్కడ తేలాలన్నది బయటివాళ్లు నిర్ణయిస్తారు.

అయితే అప్పట్లో ప్రోగ్రాంకి బయటికి ఒకటే ద్వారం. జవాబైనా, 'ఫలానా ఫైలు దొరకలేదు మహాప్రభో' అన్న మొరైనా అందులోంచే రావాలి. ల్యాబ్‌లో ఫొటోటైప్‌సెట్టర్‌ అనే అచ్చుయంత్రం ఒకటి ఉండేది. రాసిన వ్యాసాన్ని దానికి మళ్లిస్తే పొడవాటి ఫొటో కాగితం మీద ముద్రిస్తుంది. ఆ కాగితాన్ని ముక్కు మూసుకుని, కంపుకొట్టే రసాయనాల యంత్రంలో పెట్టి కొన్ని నిమిషాలు ఆగితేగానీ అక్షరాలు బయటపడవు. ఓ మధ్యాహ్నం కొందరు ఇదంతా ఓపిగ్గా చేశారు. తీరా కాగితం బయటికొచ్చాక చూస్తే... వ్యాసం లేదు. ఫైలు తెరవడం కుదరలేదన్న ఒకే ఒక్క వాక్యం, ముచ్చటైన అచ్చక్షరాల్లో! ఇదే అనుభవం ఒకరికి కాదు, చాలామందికి ఎదురైంది. విసుగు వినాల్సినవాళ్ల చెవిన పడింది. రెండ్రోజులు తిరిగేసరికి ప్రోగ్రాంకి ఇంకో ద్వారం వచ్చేసింది. జవాబులకు ఒకటి, తప్పుల ఫిర్యాదుకు విడిగా మరొకటి. ఆ బృందంలోని స్టీవ్‌ జాన్సన్‌ తర్వాత చాలా ఏళ్లకు గుర్తుచేసుకున్న సంగతి ఇది. ఈ రోజు సర్వర్లూ సూపర్‌ కంప్యూటర్లలోని ప్రోగ్రాంలకూ ఆ రెండు ద్వారాలే.

ఒక ఇబ్బంది అలా తీరింది. అర్ధరాత్రి కుర్రాడి ఇబ్బంది వేరు.

నిండితేగానీ కదలదు

ఊళ్లలో షేర్‌ ఆటోలు ఎక్కినవాళ్లకు ఈ గుట్టు ఇట్టే అర్థమవుతుంది. మీరొక్కరూ ఎక్కి కూర్చున్నంత మాత్రాన ఆటో కదలదు. ముందు ఇద్దరు, వెనక నలుగురు, అంచున ఇంకొకరు... నిండితేగానీ డ్రైవర్‌ స్టార్ట్‌ చేయడు. మనిషికో ట్రిప్పు వేస్తే గిట్టుబాటు కాదు మరి!

ప్రోగ్రాం మాటలకూ అలాంటి ఆటో ఒకటి ఉంది. పేరు బఫర్‌. ఒక్కో మాటనూ ఫైల్లోకి చేర్చడానికి ఆపరేటింగ్‌ సిస్టమ్‌ని పదేపదే పిలవడం ఖర్చుతో కూడిన పని. అందుకే సీ భాషతో పాటు వచ్చే లైబ్రరీ మాటల్ని ముందు మెమరీలో ఓ మూల పోగేస్తుంది. లినక్స్‌లో ఆ మూల సాధారణంగా 4,096 బైట్లు. అది నిండాకే ఫైల్లోకి ఒక ట్రిప్పు. ప్రోగ్రాం పద్ధతిగా పని ముగించుకుంటే సగం నిండిన ఆటో కూడా బయల్దేరుతుంది. హఠాత్తుగా కుప్పకూలితే? ఆటోలో కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే పోతారు.

మరి తెర మీద అన్నీ ఎలా కనిపించాయి? ఇక్కడే ఉంది మెలిక. మొదటి మాట పలికే ముందే ఆ లైబ్రరీ ఒక ఆరా తీస్తుంది... 'ఎదురుగా ఉన్నది తెరా, కాదా?' అని. తెర అయితే అక్కడో మనిషి ఎదురుచూస్తుంటాడు కాబట్టి వాక్యం పూర్తయిన ప్రతిసారీ ఆటో కదులుతుంది. ఫైలు అయితే తొందరేముంది, నిండాకే కదులుతుంది. ఇక తప్పుల ద్వారానికైతే ఆటోయే లేదు. అంబులెన్స్‌ లాగా ఎప్పటికప్పుడు పరుగే.

అందుకే రెండు ద్వారాల మాటల్నీ ఒకే ఫైల్లోకి మళ్లిస్తే వరస తారుమారవుతుంది. ఎప్పుడో ముందు చెప్పిన మామూలు మాట ఆటోలో ఉండగానే తర్వాత చెప్పిన ఫిర్యాదు ఫైల్లో కూర్చుంటుంది. పెళ్లి శుభలేఖ కన్నా ముందు సీమంతం కబురు అందినట్టు! ఇంకో వింత కూడా ఉంది. లినక్స్‌లో ఒక ప్రోగ్రాం తనలాంటి నకలును పుట్టించుకోగలదు. ఆటోలో మాటలుండగా నకలు పుడితే, నకలుకు ఆటోతో సహా సంక్రమిస్తుంది. రెండూ తమతమ ఆటోల్ని దించేసరికి ఒకసారి చెప్పిన మాట ఫైల్లో రెండుసార్లు కనిపిస్తుంది. తెర మీద మాత్రం ఒకసారే. ప్రోగ్రాంలో తప్పుందని దీని వెనకపడి రోజులు పోగొట్టుకున్న విద్యార్థులు తక్కువేం కాదు.

సగంలో తెగిన వాక్యం సంగతి ఇప్పుడు తెలిసిపోతుంది. 4,096 బైట్ల లెక్కకు వాక్యం ఎక్కడుందన్నది పట్టదు. నిండినచోట తెంపేసి మోసుకుపోతుంది. లాగ్‌ చివర వాక్యం సగంలో తెగిందీ అంటే మిగతా సగం, దాని వెనక ఇంకెన్నో, ఆటోలోనే ఉండిపోయాయన్నమాట. నైట్‌షిఫ్టు కుర్రాడు చూడాల్సింది ఆ తెగిన వాక్యాన్నే.

విరుగుడు లేదా అంటే ఉంది. ముఖ్యమైన మాట చెప్పిన ప్రతిసారీ 'ఎఫ్‌ఫ్లష్‌' అనే ఆదేశంతో ఆటోను బయల్దేరదీయొచ్చు. పైథాన్‌ ప్రోగ్రాంకైతే 'మైనస్‌ యూ' అని చెబితే బఫర్‌ కోసం ఆగదు. అన్నిటికీ ఇలాగే చేస్తే మాత్రం లక్షల వాక్యాలు రాసే ప్రోగ్రాం నత్తనడక నడుస్తుంది. ఆటో నిండేదాకా ఆగడం అసలు వచ్చింది అందుకేగా. ప్రాణం మీదికొచ్చే మాటల్ని మొదటి నుంచీ తప్పుల ద్వారంలోంచే పంపడం అన్నిటికన్నా చవకైన పద్ధతి. తెలిసినవాళ్లూ బద్ధకించేది అక్కడే.

ఒకే తెర... ఇద్దరి మాటలు

డీబగ్గర్‌లోకి వచ్చేసరికి ఇంకొకరు తోడవుతారు. ప్రోగ్రాం మాట్లాడుతుంది, డీబగ్గర్‌ కూడా మాట్లాడుతుంది. ఇద్దరికీ ఒకటే తెర. ఒకే మైకు దగ్గర ఇద్దరు వ్యాఖ్యాతలున్నట్టు ఎవరి మాట ఏదో తెలియదు. అందుకే చాలామంది మళ్లింపు వైపు చూస్తారు.

జీడీబీలో మళ్లింపుకి దారులు మూడు. మూడూ ఒకటేననుకుంటే చిక్కుల్లో పడ్డట్టే. డీబగ్గర్‌ లోపల 'రన్‌' అన్న ఆదేశం పక్కన '>' గుర్తు పెడితే ప్రోగ్రాం మాటలు మాత్రమే ఫైల్లోకి పోతాయి, డీబగ్గర్‌ మాటలు తెర మీదే ఉంటాయి. అలాకాక డీబగ్గర్‌ని మొదలుపెట్టేటప్పుడే బయట '>' పెడితే ఇద్దరి మాటలూ ఫైల్లోకే. తెర బోసిపోతుంది. కంప్యూటర్‌ బిగుసుకుపోయిందనుకుని కంగారుపడతారు. నిజానికి డీబగ్గర్‌ 'తర్వాతేంటి?' అని ఫైల్లో అడిగి, జవాబు కోసం ఎదురుచూస్తుంటుంది పాపం. మూడోది 'లాగింగ్‌' అనే సదుపాయం. పేరు చూసి అన్నీ దాస్తుందనుకుంటారు. అది దాచేది డీబగ్గర్‌ సొంత మాటల్నే. ప్రోగ్రాం మాటలు దాని చేతుల మీదుగా పోవు, నేరుగా తెరకు చేరతాయి. గంటసేపు నడిపి, ఫైలు తెరిచి, కావలసింది ఒక్క ముక్కా లేక తల పట్టుకునేది ఇక్కడే.

మొదటి దారిలోనూ పాత ఆటో కథ తప్పదు. ప్రోగ్రాంను మధ్యలో ఆపి ఫైలు తెరిస్తే ఖాళీ! ఆటో స్టాండులోనే ఉందిగా. అప్పుడు డీబగ్గర్‌ నుంచే ఎఫ్‌ఫ్లష్‌ని పిలవచ్చు. ఆగి ఉన్న ప్రోగ్రాం చేత ఆ ఒక్క పనీ చేయించడమన్నమాట. మాటలన్నీ ఠంచనుగా ఫైల్లోకి దిగుతాయి. అప్పటికే ప్రోగ్రాం మెమరీ చెడి ఉంటే మాత్రం ఆ పిలుపుతోనే కూలిపోవచ్చు. నీరసించిన రోగిని లేచి నడవమన్నట్టే, చూసుకుని చేయాలి. వీటన్నిటికన్నా హాయైనది ఇంకోటి ఉంది. పక్కన మరో నల్ల కిటికీ తెరిచి 'టీటీవై' అనే ఆదేశంతో ప్రోగ్రాం మాటల్ని అందులోకి పంపడం. ఇటు డీబగ్గర్‌, అటు ప్రోగ్రాం. ఎదురుగా ఉన్నది తెరే కాబట్టి వాక్యం పూర్తయినప్పుడల్లా కనిపిస్తుంది కూడా. జీడీబీలో ఈ సదుపాయం ఎప్పట్నుంచో ఉన్నా వాడేవాళ్లు తక్కువ.

ఇద్దరికీ ఒకే తెర అన్న గొడవ మనవాళ్లకు కొత్తేమీ కాదు. టర్బో సీ నీలం తెర మీద ప్రోగ్రాంలు నేర్చుకున్న ఇంజినీరింగ్‌ విద్యార్థుల్ని అడిగితే చెబుతారు. ప్రోగ్రాం నడిపితే నల్లగా ఏదో మెరుస్తుంది, మళ్లీ నీలం తెరే. జవాబు వచ్చిందో లేదో తెలియదు. ల్యాబ్‌లో ఎవరో సీనియర్‌ వచ్చి 'ఆల్ట్‌ ఎఫ్‌5 కొట్టరా' అనేదాకా ఆ జవాబు తెర వెనకే ఉందని ఎవరికీ తట్టేది కాదు. ఆ ఇబ్బంది లేకుండా ప్రోగ్రాం చివర 'గెట్‌సీహెచ్‌' అని ఒక ముక్క తగిలించడం అలవాటైంది. ఏదో ఒక మీట నొక్కేదాకా తెరను పట్టి ఉంచుతుందది. ఎందుకు రాస్తున్నామో తెలియకుండానే మొక్కుబడిగా రాసినవాళ్లే ఎక్కువ.

అన్నయ్య చిరునామా

మళ్లింపుల్లో అందరినీ ఏడిపించే గుర్తు ఇంకోటి ఉంది... '2>&1'. చూడ్డానికి లెక్కల పుస్తకంలో అచ్చుతప్పులా ఉంటుంది కానీ అర్థం తేలికే. 1 అంటే జవాబుల ద్వారం, 2 అంటే తప్పుల ద్వారం. 'ఒకటో ద్వారం ఎటు పోతోందో రెండోదాన్నీ అటే పంపు' అని దాని భావం. దీన్ని ఎక్కడ రాయాలన్నదే పేచీ.

తమ్ముడు పోస్టాఫీసుకెళ్లి 'నా ఉత్తరాలు మా అన్నయ్య ఉంటున్న చిరునామాకే పంపండి' అన్నాడనుకోండి. పోస్ట్‌మాస్టర్‌ అన్నయ్య అప్పుడున్న గుంటూరు చిరునామా రాసుకుంటాడు. మర్నాడు అన్నయ్య వరంగల్‌ మారిపోయాడు. తమ్ముడి ఉత్తరాలు ఎక్కడికి పోతాయి? గుంటూరుకే! రాసుకున్నది చిరునామా గానీ అన్నయ్యని కాదు కదా. కమాండ్‌ లైన్‌ కూడా ఆదేశాన్ని ఎడమ నుంచి కుడికి చదువుతూ అప్పటికున్న చిరునామానే రాసుకుంటుంది. ముందు '> ఫైలు' అని, తర్వాత '2>&1' అంటే ఇద్దరూ ఫైల్లోకి చేరతారు. అటుదిటు చేస్తే జవాబులు ఫైల్లోకి, తప్పులు తెర మీదికి. ఫైల్లో తప్పులేవీ లేవని సంబరపడేవాళ్లు ఒక్కోసారి ఈ తిరగేసిన వరస రాసినవాళ్లే.

తెలుగు రాస్తే తంటా

ఈ 'చూస్తుంటే ఒకలా' గొడవ తెలుగు అక్షరాలనూ వదల్లేదు. విండోస్‌ మీద పైథాన్‌తో 'అమ్మ' అని తెర మీద రాయించండి. పాత కమాండ్‌ కిటికీలో ఒత్తులు చెదిరో, గళ్లు గళ్లుగానో కనిపించొచ్చు గానీ ప్రోగ్రాం ఆగదు. అదే ప్రోగ్రాంను '>' గుర్తుతో ఫైల్లోకి మళ్లించండి. ఆ అక్షరాలు తనకు తెలియవంటూ అక్కడికక్కడే కూలబడుతుంది! పైథాన్‌ 3.6 నుంచీ తెరకు రాసేటప్పుడు అన్ని భాషలూ తెలిసిన యూనికోడ్‌ పద్ధతి వాడతారు. ఫైలు అనేసరికి విండోస్‌లోని పాత అక్షరాల పట్టిక పట్టుకుంటుంది. మన దేశంలో ఇంగ్లిష్‌ సెట్టింగులతో కొన్న కంప్యూటర్లలో ఉండేది 1252 అనే పట్టిక. పశ్చిమ ఐరోపా భాషల కోసం చేసిన అందులో 'అ' లేదు, 'మ' లేదు. 'పైథాన్‌యుటీఎఫ్‌8' అనే సెట్టింగుకి 1 అని విలువ ఇస్తే సమస్య పోతుంది. తెలుగు నిఘంటువులూ ఓటర్ల జాబితాల వంటి వాటితో పనిచేసేవాళ్లు మొట్టమొదట చేసుకోవాల్సిన ఏర్పాటిది.

ఎవరికీ అందని ఉత్తరాలు

యునిక్స్‌ కుటుంబంలోని కంప్యూటర్లలో ఓ పాడుబావి ఉంటుంది. పేరు 'డెవ్‌ నల్‌'. అందులోకి ఏం మళ్లించినా మళ్లీ కనిపించదు. రోజూ రాత్రి వాటంతటవే నడిచే పనుల నుంచి వచ్చే సందేశాల సోది భరించలేక, జవాబుల్నీ తప్పుల్నీ కలిపి అందులోకి తోసేయడం చాలాచోట్ల మామూలైపోయింది. మెయిల్‌ పెట్టె శుభ్రంగా ఉంటుంది. ఆ పని జరుగుతోందో లేదో మాత్రం దేవుడికే తెలియాలి.

పాడుబావిలో తోయకపోయినా మాట చేరాల్సినచోటికి చేరకపోతే ఏమవుతుందో గిట్‌ల్యాబ్‌ అనే సంస్థకు 2017లో తెలిసొచ్చింది. ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాంల్ని దాచుకునే వెబ్‌సైట్‌ అది. జనవరి 31 రాత్రి డేటాబేస్‌లో ఏదో చిక్కు వచ్చింది. దాన్ని సరిచేస్తున్న ఇంజినీరు నకలు సర్వర్లోని ఫైళ్లు తుడిచేద్దామనుకుని అసలు సర్వర్లోవి తుడవడం మొదలుపెట్టాడు. ఒకట్రెండు సెకన్లలోనే గుర్తించి ఆపాడు. అప్పటికే సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నర!

ఫర్వాలేదు, రోజూ బ్యాకప్‌ ఉందిగా అని చూశారు. బ్యాకప్‌ ఉండాల్సినచోట ఏమీ లేదు. డేటాబేస్‌ 9.6 వెర్షన్‌ది, బ్యాకప్‌ తీసే ప్రోగ్రాం 9.2 వెర్షన్‌ది. రెంటికీ పొసగక ప్రతిసారీ తప్పు చూపించి ఆగిపోతోంది. తప్పు జరిగితే ఈమెయిల్‌ వెళ్లేలా ఏర్పాటు కూడా ఉంది. అయితే దొంగ మెయిళ్లను అడ్డుకునే డీమార్క్‌ అనే భద్రతా పద్ధతికి తగ్గట్టు ఆ మెయిళ్లను సిద్ధం చేయలేదు. దాంతో అందుకోవాల్సిన సర్వరే వాటిని తిప్పికొట్టింది. ప్రోగ్రాం తన బాధ చెబుతూనే ఉంది, ఎవరికీ వినపడలేదు.

సంస్థ ఈ సంగతి దాచుకోలేదు. డేటాను తిరిగి తెచ్చే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది, జరిగిందంతా పూసగుచ్చినట్టు రాసి అందరి ముందూ పెట్టింది. దాదాపు ఆరు గంటల డేటా, సుమారు అయిదు వేల ప్రాజెక్టుల వివరాలు, మరో అయిదు వేల వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు పోయాయి. అంతటితో సరిపోయింది కూడా ఒక నకలు వల్లే. ప్రమాదానికి సుమారు ఆరు గంటల ముందు తీసినది అది. రోజువారీ బ్యాకప్‌లో భాగం కాదు. వేరే పరీక్ష కోసం ఓ ఇంజినీరు తన చేత్తో తీసి పెట్టుకున్నది.